రెండు నుంచి నాలుగు

శిహాబ్ దాన్ని విండో అంటాడు.
నేను లోపల కిటికీ అనుకుంటాను.
అనుకున్న ప్రతిసారీ దానికి ఊచలు కూడా వస్తాయి.

మంగళవారం. మిష్రెఫ్, నాలుగో బ్లాకు, తెల్లగేటు ఇల్లు.
రెండు నుంచి నాలుగు.
నాలుగు దాటి ఒక్క నిమిషమైతే ఎర్రగీత, అర దీనారు కోత.
రెండుకి ఒక్క నిమిషం ముందు బెల్లు కొట్టినా తప్పే.
మా రాయచోటి వైపు పెళ్ళికి గంట ముందొస్తే
కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు.
ఇక్కడ ముందొచ్చినవాడు దొంగతో సమానం.

ఆర్దియా గోడౌన్లో పన్నెండుకే బండి నింపుతాం.
నీళ్ళ పెట్టెలు, బాస్మతి, డబ్బా పాలు,
పిల్లికి ఇరవై కిలోల ఇసుక.
రఫీకుల్ ఆ మూట భుజానికెత్తుకుని వారం వారం నవ్వుతాడు:
"భాయ్, ఇసుక దేశంలో ఇసుక మోస్తున్నాం!"
నవ్వినందుకు అతనికి జీతం లేదు. అయినా నవ్వుతాడు.

అయిదో రింగురోడ్డు ఖాళీగా దొరికిన రోజు
పదకొండు నిమిషాలు మిగులుతాయి.
మసీదు గోడ పక్కన, జానెడు నీడలో, ఇంజను ఆపకుండా ఆగుతాను.
ఆ పదకొండూ కంపెనీవి కావు, మేడమ్‌వి కావు,
ఊరికి పంపాల్సినవీ కావు.
వాటితో ఏం చెయ్యాలో మొదట్లో తెలిసేది కాదు.
గోళ్ళు కొరికేవాణ్ణి. అద్దం తుడిచేవాణ్ణి.
తర్వాత తల దువ్వుకోవడం మొదలుపెట్టాను.

ఎందుకంటే ఒక మంగళవారం
మూట పిగిలి గుమ్మమంతా ఇసుక పోసినప్పుడు
నా నోట్లోంచి మా ఊరి తిట్టొకటి జారింది.
తలుపు వెనక నుంచి
"ఆయ్! తెలుగోరాండీ?"

దీవెనమ్మ. రాజోలు అవతల ఏదో పల్లె.
చీపురు తెచ్చింది, ఇద్దరం ఊడ్చాం.

ఇంటికి నాలుగు నిమిషాలు, శిహాబ్ లెక్క.
నాలుగు నిమిషాల్లో మనిషికి మనిషి ఏం చెప్పగలడు?
ఒక వారం, పంటినొప్పి తగ్గిందండీ.
ఒక వారం, పిల్లి పేరు లూలూ, నాకన్నా ముందు తింటాదండీ.
ఇంకోసారి, మీరు యాడికి అంటే నవ్వొత్తాదండీ.
ఒక వారం ఏమీ లేదు, పెట్టెలందుకుంది,
మోచేతి మీద ఇస్త్రీపెట్టె మొనలాంటి మచ్చ.
నేను అడగలేదు.
అడిగుంటే అయిదో నిమిషమయ్యేది.

సంతకం అద్దం మీద వేలితో చెయ్యాలి.
ఆమె ఒక్క అక్షరమే పెట్టేది: దీ.
గుడిదీర్ఘం తోక తెర అంచు దాటి పోయేది.
ఆ యంత్రం మింగిన తెలుగు అంతే.

ఎండలు ముదిరాక ఒకనాడు చెప్పింది:
"మేడమ్ అడిగిందండీ, ఏ టైము పెట్టనని.
రెండు నుంచి నాలుగన్నాను.
అప్పుడు ఇల్లంతా నిద్రపోద్ది కదండీ."
నేనది ముహూర్తం పెట్టినట్టు విన్నాను.
ఎవరూ కేకలెయ్యని వేళ అని, అంతే అయ్యుండొచ్చు.

అక్టోబరులో కిటికీ మారింది.
పొద్దున ఎనిమిది నుంచి పది.
తలుపు తీసిన పిల్ల ఇథియోపియాది,
లూలూ ఆమె కాళ్ళకి రాసుకుంటోంది.
"దీవెనమ్మ?" అన్నాను.
తల అడ్డంగా ఊపింది,
లేదనో, తెలియదనో, నా మాట అర్థం కాలేదనో.

ట్యాబులో గేటు మూసి ఉంది అని నొక్కొచ్చు.
చిరునామా తప్పు అని నొక్కొచ్చు. సరుకు పగిలింది అని కూడా.
మనిషి మారింది అనే గడి లేదు.

అకామా అయిపోయి ఊరికి పోయిందేమో.
ఇంకో బ్లాకులో, ఇంకెవరి రూటులోనో ఉందేమో.
శిహాబ్‌ని అడిగితే, సంతకాలు ముప్పై రోజులుంటాయి,
తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి, అన్నాడు.
ఓదార్చాడో, హెచ్చరించాడో.

నాలుగు దీలు మిగిలాయి అప్పటికి.
పోయిన మంగళవారానికి మూడు.

ఇవాళ రెండింటికి సాల్వాలో నీళ్ళ పెట్టెలు దించాలి.
రోడ్డు ఖాళీ, తొమ్మిది నిమిషాలు చేతిలో ఉన్నాయి.
రఫీకుల్ వెనక అట్టపెట్టెల మధ్య గుర్రు పెడుతున్నాడు.
అలవాటుగా దువ్వెన తీశాను.
పళ్ళ సందున ఇసుక రేణువొకటి,
పిల్లిదో, ఈ దేశానిదో.